ఒంటిమీద మోసుకొచ్చిన నేల

ఆ వన్యప్రాణి ఉద్యానానికి నేను ఇంతకుముందు రెండుసార్లు వెళ్ళాను. రెండుసార్లూ ఎండ నడినెత్తికి వచ్చే వేళకు చేరుకుని, నీడన ఒత్తిగిలి పడుకున్న జంతువుల వీపులు చూసి తిరిగి వచ్చాను. క్షీరదాల్లో చాలా జాతులు తెల్లవారుజామున, మునిమాపున తిరుగాడి, మధ్యాహ్నపు వేడిని నిద్రలో గడిపేస్తాయి కాబట్టి తప్పు వాటిది కాదు, నాదే. అందుకే ఈసారి పదకొండేళ్ళ మా మేనకోడలిని వెంటబెట్టుకుని, ముందురోజు సాయంత్రమే దగ్గరలో బస చేసి, తలుపులు తీసే సమయానికి గుమ్మం ముందు నిలబడ్డాను. మా ఇద్దరి మధ్య ఒక ఒప్పందం కుదిరింది. ప్రతి ఆవరణ ముందూ ఒక పలక ఉంటుంది. అందులో జంతువు పేరు, దాని శాస్త్రీయ నామం, అది బతికే ఖండం పటం, బరువు, ఆయుష్షు రాసి ఉంటాయి. పలకమీద లేని సంగతి ఒక్కటైనా కంటబడేదాకా అక్కడినుంచి కదలకూడదన్నది ఒప్పందం. దానివల్ల రోజంతా తిరిగినా ఉద్యానంలో సగం కూడా చూడలేకపోయాం. అందుకు నాకు విచారం లేదు.

మొదట ఎదురైనది మీర్‌కాట్ల ఇసుక దిబ్బ. పట్టుమని కిలో తూగని ఈ ప్రాణులు ముంగిస కుటుంబానికి చెందినవి. ఆఫ్రికా దక్షిణ భాగంలోని కలహారి వంటి ఎండునేలలు వీటి నివాసం. మేము వెళ్ళేసరికి తొమ్మిదో పదో బొరియల్లోంచి బయటికి వచ్చి, వెనుకకాళ్ళ మీద నిటారుగా లేచి, తోకను ఊతకర్రలా నేలకు ఆనించి, సూర్యుడికి పొట్టలు చూపిస్తూ నిలబడి ఉన్నాయి. అద్దానికి ముఖం ఆనించి చూస్తే ఆ పొట్టలమీద వెంట్రుకలు పలచగా ఉన్నాయి, వాటి సందుల్లో చర్మం నల్లగా కనిపిస్తోంది. ఎడారి రాత్రి చలికి బిగుసుకున్న ఒంటిని పొద్దున్నే త్వరగా వేడి చేసుకోవడానికి ఆ నలుపు పనికివస్తుంది. కళ్ళ చుట్టూ ఉన్న నల్లని మచ్చలు ఎండ మిరుమిట్లను తగ్గిస్తాయి. నేల తవ్వేటప్పుడు మట్టి పోకుండా చెవులు మూసుకుపోతాయి. ఇవన్నీ పలకమీద ఉన్నవే. లేనిదాన్ని మా అమ్మాయి పట్టుకుంది.

“మామయ్యా, ఆ చివరిది ఎండ కాగడం లేదు. అప్పట్నుంచీ ఆకాశంకేసే చూస్తోంది.”

ఎండిన మొద్దు మీద నిలబడ్డ ఆ ఒక్కటి కాపలాదారు. మిగిలినవి తలలు దించి తవ్వుకుంటున్నంతసేపూ వంతులవారీగా ఒకటి ఎత్తు మీదికి ఎక్కి చుట్టూ కాస్తుంది. భయం లేదని తెలియజేస్తూ సన్నగా కిచకిచలాడుతూనే ఉంటుంది. ఆకాశంలోంచి వచ్చే శత్రువుకు ఒక రకం కూత, నేలమీద వచ్చేదానికి మరో రకం కూత. మేము చూస్తుండగా చాలా ఎత్తున ఒక విమానం వెళ్ళింది. కాపలాదారు తల దాని వెంటే ఈ కొస నుంచి ఆ కొసకు మెల్లగా తిరిగి, అది మేఘం చాటుకు పోయాక గానీ యథాస్థానానికి రాలేదు. ఉద్యానంలోనే పుట్టి పెరిగిన ఆ జీవి తన తోటివాటిని తన్నుకుపోయే డేగను ఎన్నడూ చూసి ఉండదు. అయినా మెడకు ఆ పని తెలుసు.

అన్నీ పుట్టుకతోనే వస్తాయనుకోకూడదు. పెద్ద మీర్‌కాట్లు పిల్లలకు తేలును తినడం నేర్పే తీరు 2006లో ప్రచురితమైన ఒక పరిశోధనలో నమోదైంది. మరీ చిన్న పిల్లకు చచ్చిన తేలును తెచ్చిపెడతాయి. కాస్త పెరిగాక కొండి తుంచిన తేలును, ఆ తరువాత పూర్తిగా బతికున్న దాన్ని అందిస్తాయి. మనుషులు కాని జంతువులు పూనుకుని పాఠం చెబుతాయనడానికి దొరికిన గట్టి రుజువుల్లో ఇదొకటి. మా పిల్ల దీన్ని విని, నేను ఈత నేర్పిన పద్ధతి కంటే ఇదే మెరుగ్గా ఉందని వ్యాఖ్యానించింది.

అక్కడినుంచి ఎర్ర కంగారూల మైదానానికి వెళ్ళాం. కంగారూ అనగానే గెంతు గుర్తుకొస్తుంది గానీ, నింపాదిగా మేస్తున్న కంగారూ గెంతదు. పొట్టి చేతులు రెండూ నేలకు ఆనించి, బలమైన తోకను ఒంటి కిందికి తెచ్చి నేలను నెట్టి, ఆ తోపుతో వెనుకకాళ్ళు రెండింటినీ ఒక్కసారిగా ముందుకు వేస్తుంది. తోక ఆనిన ప్రతిచోటా దుమ్ములో గుంట పడుతోంది. ఈ నడకను కొలిచిన శాస్త్రవేత్తలు, ముందుకాళ్ళూ వెనుకకాళ్ళూ కలిసి ఇచ్చేంత తోపును తోక ఒక్కటే ఇస్తోందని 2014లో తేల్చారు. అంటే అది తోక రూపంలో ఉన్న అయిదో కాలు. ఎండ కొంచెం ముదరగానే ఒక మగది కూర్చుని ముంజేతులను శ్రద్ధగా నాకడం మొదలుపెట్టింది. శుభ్రం చేసుకుంటోందని పక్కన ఎవరో అన్నారు. కాదు, ముంజేతుల్లో చర్మానికి దగ్గరగా రక్తనాళాలు దట్టంగా ఉంటాయి, పూసిన లాలాజలం ఆరుతూ ఆ రక్తాన్ని చల్లబరుస్తుంది.

కాసేపటికి ఒక తల్లి మా వైపు తిరిగింది. సంచిలోంచి సన్నని పొడుగాటి కాలొకటి బయటికి వేలాడుతోంది, లోపల తలెటుందో తెలియదు. ఈ జాతిలో గర్భం దాదాపు 33 రోజులే; పుట్టినప్పుడు పిల్ల ఒక గ్రాము కూడా తూగదు, చిక్కుడు గింజంత ఉంటుంది. కళ్ళు తెరవని ఆ గింజ తల్లి పొట్టమీది వెంట్రుకలను పట్టుకుని తనంతట తాను సంచిలోకి పాకి, ఒక చనుమొనను నోట కరుచుకుని నెలల తరబడి వదలదు. సంచి విడిచిన పెద్ద పిల్ల కూడా తల దూర్చి పాలు తాగుతూనే ఉంటుంది. అప్పుడు తల్లి పసిగుడ్డుకు ఒక రకం, పెద్దదానికి మరో రకం పాలు, పక్కపక్కనే ఉన్న చనుమొనల్లో ఏకకాలంలో తయారుచేస్తుంది. అదే సమయంలో గర్భంలో ఇంకొక పిండం ఎదుగుదల ఆపుకుని, సంచి ఖాళీ అయ్యేదాకా ఎదురుచూస్తూ ఉండవచ్చు. వాన ఎప్పుడొస్తుందో, కరువు ఎప్పుడొస్తుందో చెప్పలేని ఆస్ట్రేలియా నడిభూమిలో పిల్లలను ఇలా వరసలో నిలిపి ఉంచడం కంటే తెలివైన ఏర్పాటు నాకు తట్టలేదు. క్షీరదం అన్న మాటలోనే పాలున్నాయి. ఆ మాటకు ఇంతకంటే పూర్తి న్యాయం చేసిన జంతువును ఆ రోజు నేను మరొకదాన్ని చూడలేదు.

జిరాఫీల దగ్గర ఎత్తైన చెక్క వేదిక కట్టారు. మెట్లెక్కి నిలబడితే వాటి ముఖం మన ముఖానికి ఎదురుగా వస్తుంది. సంరక్షకురాలు ఇచ్చిన ఆకుల కొమ్మను మా అమ్మాయి రెండు చేతులతో పట్టుకోగానే, దూరంగా ఉన్న ఆడ జిరాఫీ ఒకటి తొందర లేకుండా నడిచి వచ్చింది. ఆ నడక వేరు: కుడివైపు రెండు కాళ్ళూ దాదాపు కలిసి లేస్తాయి, తరువాత ఎడమవైపువి. ఒంటెదీ ఇదే తీరు. అది తల వంచి నాలుక చాచింది. నేరేడుపళ్ళు తిన్న పిల్లల నోరులా నల్లని ఊదారంగులో, మూరెడు పొడవున్న ఆ నాలుక కొమ్మ చుట్టూ తాడులా మెలిక వేసుకుని, ఒక్క గుంజు గుంజి ఆకులన్నీ దూసుకుపోయింది. పుల్ల మాత్రం పిల్ల చేతిలో మిగిలింది; మణికట్టు పొడవునా జిగురుగా, పచ్చి ఆకు వాసనతో చొంగ అంటుకుంది. తుమ్మజాతి చెట్ల ముళ్ళ మధ్యనుంచి చిగుళ్ళు ఏరుకునే జంతువుకు ఇలాంటి నాలుక, మందమైన పెదవులు, జిగురు లాలాజలం లేనిదే రోజు గడవదు.

తిన్నాక అది వేదిక పక్కనే నిలబడి నెమరువేయసాగింది. అప్పుడు మేము చూసినది పలకమీద లేదు. మెడ అడుగున, ఛాతీ దగ్గర, చర్మం కింద నిమ్మకాయంత ఉబ్బు ఒకటి కనిపించింది. అది మెడ పొడవునా సర్రున పైకి పరుగెత్తి దవడల మధ్య మాయమైంది. నోరు అడ్డంగా ఆడటం మొదలైంది. కొంతసేపు నమిలాక మింగగానే ఉబ్బు కిందికి జారిపోయింది, ఒక్క క్షణం విరామం, మళ్ళీ ఇంకొక ముద్ద పైకి. ఆవు నెమరువేయడం చూస్తూ పెరిగినవాడినే అయినా, ఆ ముద్ద ప్రయాణం ఇంత స్పష్టంగా ఎన్నడూ చూడలేదు. పన్నెండు ముద్దలు లెక్కపెట్టి మా అమ్మాయి విసిగి మానేసింది.

అంత మెడలో ఉన్న పూసలు ఏడే అని చెబితే ఆమె నమ్మలేదు; తన మెడ వెనుక వేళ్ళతో తడుముకుని లెక్కపెట్టడానికి ప్రయత్నించింది. మనిషికీ ఏడే, ఎలుకకూ ఏడే. క్షీరదాల్లో చెట్లకు వేలాడే స్లాత్‌లు, నీళ్ళలో బతికే మనాటీలు తప్ప దాదాపు అన్నిటికీ ఈ లెక్క మారదు. జిరాఫీలో ప్రతి పూసా జానెడుకు పైగా సాగిందంతే. సాగిన మెడకు తగిన మరమ్మతులు ఒంట్లో అన్నిచోట్లా జరిగాయి. మెదడుకు రక్తం ఎక్కించడానికి దాని రక్తపోటు మనకు రెట్టింపు ఉంటుంది, గుండె సుమారు 11 కిలోలు తూగుతుంది. నీళ్ళ కోసం తల వంచినప్పుడు రక్తం వెనక్కి తలలోకి పోటెత్తకుండా మెడ సిరల్లో కవాటాలున్నాయి. కాళ్ళలోకి రక్తం దిగి వాయకుండా కాళ్ళ చర్మం బిగుతు మేజోడులా పట్టి ఉంచుతుంది. ఒక్క పొరపాటు మాత్రం దిద్దుబాటు కాకుండా ఉండిపోయింది. స్వరపేటికకు వెళ్ళే నరం మెదడు నుంచి బయలుదేరి, మెడ పొడవునా కిందికి దిగి, గుండె దగ్గరి ధమనిని చుట్టి, మళ్ళీ అంత పొడవూ పైకి ఎక్కుతుంది. నేరుగా పోతే కొన్ని అంగుళాలు. పోయేది నాలుగు మీటర్లకు పైన. చేపల్లాంటి పూర్వీకుల ఒంట్లో అది దగ్గరి దారే; మెడ వచ్చాక చుట్టుదారి అయింది. మనలోనూ ఆ నరం అదే చుట్టుదారిలో పోతుంది, మెడ పొట్టిది కాబట్టి తెలియదు.

సింహాల దగ్గర జనం ఎక్కువ, సంగతి తక్కువ. రోజుకు ఇరవై గంటల దాకా విశ్రమించగల జంతువు అది. మేము చూసిన మూడూ వెల్లకిలా, పక్కకు, బోర్లా, ఒక్కొక్క భంగిమలో పడుకున్నాయి. ఒప్పందం ప్రకారం కదలకూడదు కాబట్టి పావుగంట నిలబడితే, నిద్రలో కూడా తోక మాత్రం ఈగలను తోలుతూనే ఉందని తేలింది. తోక చివర కుచ్చు ఉండటం పిల్లి కుటుంబంలో సింహానికి ఒక్కదానికే. ఈగల మాట వచ్చింది కాబట్టి పక్క మైదానంలోని జీబ్రాల గురించి ఒక్క ముక్క: మామూలు గుర్రాలకు చారల దుప్పటి కప్పి చూసిన పరిశోధకులకు, జోరీగలు దగ్గరిదాకా ఎగిరివచ్చి కూడా చారలమీద సరిగా వాలలేకపోతున్నాయని 2019లో తెలిసింది. శత్రువు కన్ను చెదరడానికే చారలున్నాయని చిన్నప్పుడు చదువుకున్న మాటను నేను ఆ రోజుతో పక్కన పెట్టేశాను.

ఏనుగుల శాల దగ్గరికి మేము సరిగ్గా కాళ్ళు చూసే వేళకు చేరుకోవడం అదృష్టం. ఈ ఉద్యానంలో సంరక్షకులు ఏనుగు ఉన్న ఆవరణలోకి అడుగుపెట్టరు. బలమైన ఇనుప కమ్ముల ఇవతలనుంచే పని చేస్తారు. అంకుశం లేదు. పిలిచి, చెప్పినట్టు చేస్తే ఒక పండుముక్క ఇవ్వడమే పద్ధతి. పిలుపు వినగానే ఒక ఆడ ఆసియా ఏనుగు వచ్చి, కమ్ముల మధ్య ఖాళీలోంచి ముందుకాలు ఎత్తి దిమ్మమీద పెట్టింది. అరికాలు మాకు ఎదురుగా, చేయి చాపితే అందేంత దూరంలో ఉంది. ఎండిన చెరువు అడుగున బీటలు పడ్డట్టు దాని నిండా గాడులు. వాటిలో ఇరుక్కున్న గులకరాళ్ళను సంరక్షకుడు చిన్న కొక్కెంతో ఒక్కొక్కటే పెకలించి, నీళ్ళు కొట్టి, ఆకురాయితో గోళ్ళ అంచులు అరగదీశాడు. అడవిలో రోజూ మైళ్ళకొద్దీ నడిచే ఏనుగుకు గోళ్ళూ అరికాలి తోలూ వాటంతటవే అరుగుతాయి. గట్టి నేలమీద, తక్కువ నడకతో బతికే ఏనుగుకు అవి పెరిగి, పగిలి, చీము పడతాయి. పెంపుడు ఏనుగుల ప్రాణాలకు పాదాల జబ్బులే పెద్ద ముప్పు అని అతను చెప్పాడు.

చూడటానికి స్తంభంలా ఉన్నా ఏనుగు నిజానికి మునివేళ్ళమీద నిలబడే జంతువు. వేళ్ళ ఎముకల వెనుక కొవ్వుతో నిండిన మెత్తని దిండు ఒకటి ఉంటుంది. బరువు పడగానే అది వెడల్పవుతుంది, ఎత్తగానే ముడుచుకుంటుంది. టన్నులకొద్దీ బరువున్న ప్రాణి ఎండుటాకులమీద చప్పుడు కాకుండా నడవగలగడానికి ఆ దిండే కారణం. పళ్ళ సంగతి ఇంకా విచిత్రం. దవడపళ్ళు మనలా కిందనుంచి మొలవవు. దవడ వెనుకనుంచి ముందుకు మెల్లగా జరుగుతూ వస్తాయి, అరిగిన ముక్కలు ముందు రాలిపోతాయి. బతుకంతటికీ ఇలా ఆరు విడతలే. ఆరోది అరిగిపోయిన ముసలి ఏనుగు, ఎదురుగా ఎంత మేత ఉన్నా నమలలేక చిక్కిపోతుంది. పని ముగిశాక సంరక్షకుడు దాని లద్దెను చీల్చి చూపించాడు: గడ్డి పోచలు సగం అరగనే లేదు. తిన్నదాన్ని అంత తక్కువగా జీర్ణం చేసుకుంటుంది కాబట్టే రోజుకు 150 కిలోల దాకా మేయాలి.

మధ్యాహ్నం తరువాత నాకు కాస్త ఇబ్బంది కలిగించిన ఘట్టం ఒకటి జరిగింది. వెదురు పొదల మలుపు తిరగగానే ఘాటైన గంజాయి పొగ వాసన కొట్టింది. పిల్ల పక్కన ఉండగా ఇదేమిటని చిరాకుపడి, తాగుతున్నవాడు ఎక్కడున్నాడా అని చుట్టూ వెతికాను. మనిషి జాడ లేదు. ఎత్తైన గడ్డి వెనుకనుంచి, నక్కకు గుర్రప్పిల్ల కాళ్ళు అతికించినట్టున్న ఎర్రని జంతువొకటి తొంగిచూసింది. జూలు తోడేలు అంటారు దాన్ని. దక్షిణ అమెరికా గడ్డిమైదానాల జంతువు. అది తోడేలూ కాదు, నక్కా కాదు; కుక్కల కుటుంబంలో తనదంటూ ప్రజాతి ఒక్కటి పెట్టుకుని ఏకాకిగా మిగిలిన జీవి. హద్దులు గుర్తుపెట్టడానికి అది పోసే మూత్రంలో పైరజీన్లు అనే రసాయనాలుండటంవల్ల ఆ వాసన వస్తుంది. మా పిల్లకు ఈ విషయమంతా చెప్పాను గానీ, అది ఏ వాసనలా ఉందన్న ప్రశ్నకు మాత్రం “ఏదో ఎండుగడ్డి కాలినట్టు” అని దాటవేశాను.

ఆ కాళ్ళు పరుగు కోసం కాదు. నడుము ఎత్తు గడ్డిమీదుగా చూడటానికి, అందులో ఎలుకల అలికిడి వినడానికి. భుజం దగ్గర దాదాపు 90 సెంటీమీటర్ల ఎత్తుతో కుక్కల కుటుంబంలో అన్నిటికంటే పొడగరి అదే. అడుగు వేస్తుంటే ఒకవైపు కాళ్ళు రెండూ కలిసి కదిలాయి, “జిరాఫీ నడక!” అని మా అమ్మాయి అరిచేసరికి బెదిరి గడ్డిలోకి పోయింది. దాని పళ్ళెంలో మాంసంతోపాటు పళ్ళు కనిపించడం నాకు వింతగా తోచింది. సొంత నేలమీద అది తినేదాంట్లో సగం దాకా కాయగూరలూ పళ్ళే. అందులో ముఖ్యమైనది వంకాయ కుటుంబానికి చెందిన, అక్కడివాళ్ళు ‘తోడేలు పండు’ అని పిలిచే ఒక పెద్ద కాయ. కోరలున్నాయి కదా అని ఒకప్పుడు జంతుశాలలు దీనికి మాంసమే మేపాయి. మూత్రాశయంలో రాళ్ళు పడి జంతువులు బాధపడ్డాక గానీ తప్పు తెలియలేదు. జంతువును దాని కోరలు చూసి కాక, దాని ఊరు చూసి మేపాలన్నమాట.

పులి ఆవరణ దగ్గర మా ఇద్దరికీ మాటలు తగ్గాయి. స్థలం పెద్దదే, చెట్లు, బండలు, ఈదడానికి కొలను ఉన్నాయి. కానీ కంచె వెంట ఒకచోట గడ్డి పూర్తిగా అరిగి, మట్టి నున్నబడి, ఇరవై అడుగుల కాలిబాట ఏర్పడింది. పులి ఆ బాటమీద అటు చివరిదాకా వెళ్ళి, అదే చోట, అదే కాలితో వెనుదిరిగి, ఇటు చివరికి వస్తోంది. గడియారం లోలకాన్ని చూస్తున్నట్టుంది. నలభై మార్లు మా పిల్ల లెక్కపెట్టింది. అడవిలో విశాలమైన పరిధిలో తిరిగే మాంసాహారులే బోనుల్లో ఎక్కువగా ఇలా పచార్లు చేస్తాయనీ, వాటి పిల్లలు ఎక్కువగా చనిపోతాయనీ 2003లో ఒక అధ్యయనం తేల్చింది. ధ్రువపు ఎలుగుకు జంతుశాల ఇచ్చే స్థలం, మంచునేలల్లో అది తిరిగే కనీస పరిధిలో సుమారు పది లక్షలో వంతు అని అందులోనే లెక్కగట్టారు. ఇనుప ఊచలు తీసేసి కందకాలతో జంతువును విడదీసే పద్ధతిని జర్మనీకి చెందిన జంతువుల వ్యాపారి కార్ల్ హాగెన్‌బెక్ 1907లో హాంబర్గ్ దగ్గర పెద్దయెత్తున ప్రవేశపెట్టాడు. అది చూసేవాళ్ళ కళ్ళకు ఊచలను తొలగించింది గానీ, పులి కాళ్ళకు దూరాన్ని ఇవ్వలేకపోయింది.

కొంతసేపటికి సంరక్షకులు పులిని లోపలి గదిలోకి పిలిచి, మాంసాన్ని ముక్కలు చేసి మొద్దుల తొర్రల్లో, బండల వెనుక, చెట్టు కొమ్మమీద దాచి, మరో జంతువు పడుకున్న గడ్డిని అక్కడక్కడా చల్లి, మళ్ళీ బయటికి వదిలారు. కాలిబాట వంక కూడా చూడకుండా అది మోర ఎత్తి, పెదవులు ముడిచి, గాలిని నోట పీల్చింది. ఆ తరువాత ముప్పావుగంటసేపు వెతకడమే పని. వీపు మాకు తిప్పి పొదలో తల దూర్చినప్పుడు చెవుల వెనుక నల్లని నేలమీద రెండు తెల్లని చుక్కలు కళ్ళలా మెరిశాయి. పులి చారలు వెంట్రుకలవరకే ఉండవు, చర్మంమీదా ఉంటాయి. ఏ రెండు పులుల చారలూ ఒకటి కావు. తెలిసిన సంరక్షకుణ్ణి చూసి అది ముక్కుతో బుర్రు బుర్రుమని మెత్తగా ఊదింది. గాండ్రింపు కోసం ఎదురుచూస్తున్న జనం నిరాశపడ్డారు. పులి స్నేహంగా పలకరించే చప్పుడు అదే. నాకు ఆ ఊపిరి గాండ్రింపు కంటే విలువైనదిగా తోచింది, కానీ ఆ బాట మాత్రం కళ్ళముందునుంచి పోలేదు.

పొద్దు వాలుతుండగా చివరి మైదానానికి చేరుకున్నాం. అక్కడున్న రెండు జాతులూ జంతుశాలలు లేకపోతే ఈనాటికి మిగిలి ఉండేవి కావు. మొదటిది ప్ర్జెవాల్‌స్కీ గుర్రం, మంగోలులు తాఖీ అని పిలిచే అడవి గుర్రం. ఇసుకరంగు ఒళ్ళు, తెల్లటి మూతి, నుదుటిమీద పడే జుత్తు లేకుండా బ్రష్షులా నిక్కబొడుచుకున్న జూలు. మన పెంపుడు గుర్రాలకు 64 క్రోమోజోములుంటే వీటికి 66. 1969లో గోబీ ఎడారి ప్రాంతంలో చివరిసారి కనిపించి స్వేచ్ఛా జీవితంనుంచి మాయమయ్యాయి; ఇప్పుడున్నవన్నీ బోనుల్లో మిగిలిన పదిహేనులోపు జంతువుల సంతానం. 1992 నుంచి మంగోలియా మైదానాల్లో వీటిని తిరిగి వదులుతున్నారు. గాలి వీచగానే అవన్నీ గాలికి వెన్ను చూపి, తోకలు కాళ్ళ మధ్య ఇముడ్చుకుని నిలబడ్డాయి. అక్కడ వీచింది చల్లని పిల్లగాలే.

రెండోది పెర్ డేవిడ్ జింక. చైనాలో దీన్ని మీలూ అంటారు. నాలుగింటి పోలికలున్నా నాలుగూ కానిదనే అర్థంలో మరో పేరూ ఉంది. కొమ్ములు దుప్పివి, మెడ ఒంటెది, గిట్టలు ఆవువి, తోక గాడిదది. ఫ్రెంచి మతబోధకుడు అర్మాన్ డేవిడ్ 1865లో బీజింగుకు దక్షిణాన ఉన్న చక్రవర్తి వేటవనం గోడమీదుగా దీన్ని మొదటిసారి చూసేనాటికి, స్వేచ్ఛగా తిరిగే మంద ఎక్కడా లేదు. ఆ గోడల లోపల ఉన్నవే ఉన్నవి. 1895లో వరద ఆ గోడను కూల్చింది, తప్పించుకున్న జింకలను ఆకలిగొన్న జనం తిన్నారు. మిగిలిన కొద్దీ 1900 నాటి తిరుగుబాటులో పోయాయి. అంతకుముందే ఐరోపా జంతుశాలలకు చేరిన వాటిలో పద్దెనిమిదింటిని బెడ్‌ఫర్డ్ డ్యూక్ ఇంగ్లండులోని వోబర్న్‌లో ఒకచోట చేర్చాడు. ఈ భూమిమీది మీలూలన్నీ ఆ మందనుంచి వచ్చినవే. 1985లో కొన్ని బీజింగులోని పాత వేటవనం చోటుకే తిరిగి వెళ్ళాయి. మరుసటి ఏడు 39 జింకలను సముద్రతీరంలోని దాఫెంగ్ చిత్తడి నేలలకు పంపారు.

మేము వెళ్ళినది వాటి జోడుకట్టే కాలం. కుంట ఒడ్డున పెద్ద మగ జింక ఒకటి మోకాళ్ళమీద వంగి, కొమ్ములను తుంగలోకి గుచ్చి, అటూ ఇటూ తిప్పి, తల పైకి ఎత్తింది. మిగతా జింకల కొమ్ముల్లా కాక వెనుకకు తిరిగిన ఆ కొమ్ములనుంచి తడి తుంగ పోచలు చెవులమీదుగా భుజాలదాకా వేలాడుతున్నాయి. ఒళ్ళంతా బురద పూసుకుంది. ఆడజింకలు తలెత్తి చూశాయి, ఒకటి మళ్ళీ మేతలో పడిపోయింది.

“పాపం, అంత అలంకారం చేసుకుంటే పట్టించుకోలేదు మామయ్యా,” అంది మా పిల్ల.

అది బురదలోంచి లేచి కంచె పక్కగా నడిచి వెళ్ళింది. అడుగడుగుకూ గిట్టల దగ్గర సన్నగా టిక్కు టిక్కుమని చప్పుడు వినిపించింది. మెత్తని నేలమీద గిట్ట ఆనగానే దాని రెండు చీలికలూ వెడల్పుగా విచ్చుకుంటున్నాయి, ఎత్తగానే దగ్గరికి చేరుతున్నాయి. బురదలో కూరుకుపోకుండా చిత్తడి నేల చేసిపెట్టిన ఏర్పాటు అది. వేటవనం గోడల మధ్య, ఓడల్లో, ఇంగ్లండు పచ్చికబయళ్ళలో ఎన్నో తరాలు గడిచినా ఆ గిట్ట అలాగే విచ్చుకుంటోంది.

మూసే వేళయిందని గంట కొట్టారు. కంచెకు అవతల, మూరెడు దూరంలో, తడిమట్టిమీద గిట్ట గుర్తు ఒకటి స్పష్టంగా పడింది. మా అమ్మాయి కంచె ఇవతలే కూర్చుని, నోటుపుస్తకంలో చివరి పేజీమీద దాన్ని చూస్తూ అంతే కొలతకు గీసింది. తరువాత దానిపక్కనే తన అరచేయి ఆనించి చుట్టూ పెన్సిలు తిప్పింది. వెడల్పులో గిట్ట గుర్తే పెద్దది.